కొత్తవాడ షత్రంజీల సైట్ గూగుల్‌ల కనపడ్తలేదు, ఎనిమిది నెలలైంది, జర చూడుండ్రి

షత్రంజి_దుకాణం
ఆదివారం, రాత్రి 9:52

అందరికి నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. తాతల కాలం సంది మగ్గం పనే, షత్రంజీలు, అంటే కింద పరిచే నూలు దర్రీలు నేస్తం. 2018ల వరంగల్ దర్రీలకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని సర్కారు ఇచ్చే గుర్తింపు వచ్చినంక బయటోళ్లు అడుగుడు ఎక్వయింది, ఆన్‌లైన్‌ల పెడ్దమని మా బామ్మర్దితోని వర్డ్‌ప్రెస్ అనే సైట్ కట్టే సాఫ్ట్‌వేర్‌ల సైట్ చేయించిన. దాంట్ల అమ్మకాలకు వూకామర్స్ అనే ప్లగిన్ (అదనపు ముక్క) పెట్టి 140 దాక వస్తువులు ఎక్కించినం. ఎనిమిది నెలలైంది. దుకాణం పేరు మొత్తం కొట్టినా గూగుల్‌ల సైట్ రాదు.

మొన్న ఒక ఏజెన్సోళ్లు ఫోన్ చేసిన్రు. నెలకు 15 వేలు, మూడు నెలల్ల ఫస్ట్ నంబర్ గ్యారంటీ అంట. ఒక షత్రంజి నేసి అమ్మితే ఎంత మిగుల్తదో మీకు ఎరుకే గద. ఇయ్యాల్నా వద్దా? నాకు కోడింగ్ రాదు, మీరు చెప్పిన బటన్ ఒత్తుడు మాత్రం వస్తది.

హన్మకొండ_డెవ్
రాత్రి 10:15

అన్నా, పైసలైతే ఇయ్యకు. మొదటి నంబర్ గ్యారంటీ ఎవ్వరూ ఇయ్యలేరు. ఆ మాట గూగులే తన సహాయ పేజీలల్ల రాసిపెట్టింది.

రెండు పనులు చెయ్. గూగుల్‌ల ఇంగ్లిష్‌ల సైట్ అని కొట్టి, పక్కకే రెండు చుక్కలు పెట్టి, ఖాళీ ఇడ్వకుండ నీ డొమైన్ పేరు రాయి. ఎన్ని పేజీలు వచ్చినయో చెప్పు. ఇగ సెట్టింగ్స్‌ల పర్మాలింక్స్, అంటే పేజీ అడ్రసులు ఎట్లుండాల్నో చెప్పేది చూడు. ప్లెయిన్ అని ఉంటే ప్రతి పేజీ అడ్రసు చివర ప్రశ్నగుర్తు, ఒక నంబర్ ఉంటయి. నాకు గదే అనుమానం.

షత్రంజి_దుకాణం
రాత్రి 10:31

సున్నా అన్నా. ఒక్క పేజీ గూడ రాలే. పర్మాలింక్‌ల పోస్ట్ నేమ్ అనే ఉంది.

కరీంనగర్_కాక
రాత్రి 10:40

సున్నా అంటే పర్మాలింక్ లొల్లి కాదు. ప్రశ్నగుర్తు అడ్రసులున్న సైట్లు గూడ గూగుల్‌ల మస్తుగున్నయి. సున్నా వచ్చిందంటే మనమే లోపట గొళ్లెం పెట్టుకొని, చుట్టాలు వస్తలేరని ఏడ్సినట్టు.

తమ్మీ, సెట్టింగ్స్‌ల రీడింగ్‌కు పో. కిందికి జరుపు. "డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్ ఫ్రమ్ ఇండెక్సింగ్ దిస్ సైట్" అని ఒక చిన్న డబ్బా ఉంటది. దాంట్ల టిక్ ఉందా?

షత్రంజి_దుకాణం
రాత్రి 10:44

ఉంది.

షత్రంజి_దుకాణం
రాత్రి 10:58

ఎనిమిది నెలలు కాకా! బామ్మర్దికి ఫోన్ చేసిన. "టెస్టింగ్ అప్పుడు పెట్టిన బావా, తీసుడు యాది మర్శిన" అంటుండు.

లేట్‌నైట్_కోడర్
రాత్రి 11:20

బామ్మర్దిని ఏమనకు అన్నా, చెయ్యి తిరిగినోళ్లు గూడ చేసే తప్పే. సైట్ కట్టేటప్పుడు సగం సగం పేజీలు గూగుల్‌కు పోవద్దని ఆ టిక్ పెడ్తరు. దాంతోని ప్రతి పేజీల నోఇండెక్స్ అనే మాట దాక్కొని ఉంటది. గూగుల్ వచ్చి, సదివి, సరే అని ఎళ్లిపోతది.

టిక్ తీసినంక పేజీల పాత నకళ్లు దాచే క్యాష్ ప్లగిన్ ఉంటే అది ఖాళీ చెయ్. లేకుంటే పాత నోఇండెక్స్ పేజీలే పోతుంటయి. గూగుల్ ఏడికి రావొచ్చో రావొద్దో చెప్పే రోబోట్స్ ఫైలు గూడ చూడు. అండ్ల డిస్అలో అని రాసి ఒక్క వాలుగీత మాత్రమే ఉంటే సైట్ మొత్తానికి అడ్డం పెట్టినట్టు. దానితోని పేజీ దాపుదమని కొందరు చూస్తరు గని, అది రాకుండ ఆపుతది అంతే. లోపటికి రానియ్యకుంటే నోఇండెక్స్ ఉందా తీసేసినమా అనేది గూగుల్‌కు ఎట్ల ఎరుక?

తర్వాత గూగుల్‌ల మన సైట్ ఎట్లుందో చూపే సెర్చ్ కన్సోల్ల సైట్ కలుపు, ఉత్తదే. సైట్ నీదేనని రుజువుకు డొమైన్ కొన్నకాడ డీఎన్ఎస్ అనే సెట్టింగ్‌ల ఒక టెక్స్ట్ రికార్డు పెట్టమంటది. సైట్‌మ్యాప్, అంటే పేజీల జాబితా ఇయ్యి. 2020ల వచ్చిన 5.5 వర్షన్ సంది వర్డ్‌ప్రెస్సే సొంతంగ సైట్‌మ్యాప్ చేస్తది. సెర్చ్ పనికి వచ్చే ప్లగిన్లు యోస్ట్ గాని ర్యాంక్ మ్యాత్ గాని పెడితే అవి వాటిది చేస్తయి. ఏదన్న ఒక్కటే పెట్టు. రెండూ పెట్టి టైటిల్ రెండేసి సార్లు వచ్చిన సైట్లు చూసిన నేను.

ర్యాంకింగ్_రాజా
సోమవారం, ఉదయం 7:05

ఇవన్నీ టైమ్ వేస్ట్. పేజీ కోడ్‌లో దాగి ఉండే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో ఒక వంద పదాలు పడేయండి. 500 రూపాయలకు వెయ్యి బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు వచ్చే లింకులు దొరుకుతాయి, కొనేయండి. వారంలో ఫస్ట్ పేజీ.

కరీంనగర్_కాక
ఉదయం 7:40

రాజా గారూ, మెటా కీవర్డ్స్ ట్యాగును ర్యాంకింగ్‌కు చూడమని గూగుల్ 2009లనే చెప్పింది. ఆ యేడు పుట్టిన పిల్లలు ఇయ్యాల కాలేజీల ఉన్నరు. ఇగ కొన్న లింకులు. అవి వాళ్ల స్పామ్ నియమాల కిందికే వస్తయి. తమ్ముడు ఇప్పుడిప్పుడే తలుపు తీసిండు, మీరు ఇంటికి నిప్పు పెట్టుమంటున్నరు.

మోడరేటర్
ఉదయం 8:10

లింకులు అమ్మే పోస్టులు, ఇన్‌బాక్స్‌కు రమ్మనే పోస్టులు తీసేస్తాం. ర్యాంకింగ్_రాజా గారికి ఇది మొదటి హెచ్చరిక.

షత్రంజి_దుకాణం
పదహారు రోజుల తర్వాత

మల్లొచ్చిన. దుకాణం పేరు కొడితే సైట్ వస్తుంది, అందరికి దండాలు. కని 140ల 31 పేజీలే ఎక్కినయి. మిగతావి సెర్చ్ కన్సోల్ల "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" (చూసినం గని ఎక్కించలే) అనీ, కొన్ని డూప్లికేట్ అనీ చూపెడ్తుంది. సైట్ అడ్రసు ఇస్తున్న, చూడుండ్రి.

లేట్‌నైట్_కోడర్
అదే రోజు, రాత్రి 11:47

చూసిన. ముందుగాల ఒక తమాషా చెప్త. నీ వస్తువుల అడ్రసులు చానా వరకు వరంగల్-కొత్తవాడ-జంపఖానా, అదే పేరు పక్కన 2, 3, 4... ఇట్ల 96 దాక ఉన్నయి. నువ్వు హెడ్డింగుల ఎర్ర అంచు, నీలి చారలు, సైజు అన్నీ రాసినవ్. అవన్నీ ఏడ వొయినయ్?

వర్డ్‌ప్రెస్ డేటాబేసుల పేజీ అడ్రసుకు 200 గడుల జాగనే ఉంటది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక గడి చాలు. తెలుగు అక్షరానికి 3 బైట్లు. అడ్రసుల రాసేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తు, దానెంక రెండు గుర్తులు, అంటే 3 గడులు. మూడు మూళ్లు తొమ్మిది. అండ్ల గుణింతం, సున్న, పొల్లు అన్నీ కంప్యూటర్‌కు వేరే వేరే అక్షరాలే. ఇగ లెక్క చూడు. వరంగల్: వ, ర, సున్న, గ, ల, పొల్లు. 6 తొమ్మిదులు 54. కొత్తవాడ: క, ఒత్వం, త, పొల్లు, త, వ, దీర్ఘం, డ. 8 తొమ్మిదులు 72. జంపఖానా 7, అంటే 63. నడుమ గీతలు రెండు. మొత్తం 191. మిగిలినయి 9, ఇంకో గీతకు ఒకటి పోతే 8. ఇంకో తెలుగు అక్షరం వట్టాల్నంటే 9 కావాలె. గందుకే జంపఖానా కాన్నే కత్తెర పడ్డది!

ఒక్క గడి తక్కువై నీ ఎర్ర అంచు పోయిందన్నా.

ఓరుగల్లు_అక్క
మరునాడు, ఉదయం 6:30

ఈ లెక్క చదివి పొద్దున్నే మనవడిని కూర్చోబెట్టి మా ఇంటిపేరుతో చేయించాను. 22 తెలుగు అక్షరాలకే 198 అయిపోతాయి, అంతే కదా కోడర్?

ఇక్కడ నాదొక అభ్యంతరం. దీన్ని చూసి "తెలుగు అడ్రసు వద్దే వద్దు" అనకండి. గూగుల్ తెలుగు అడ్రసును బాగానే చదువుతుంది. నా వంటల బ్లాగులో అన్నీ తెలుగు అడ్రసులే. పచ్చిపులుసు, సర్వపిండి, మలీద. ఒక్క మాట, లేదా రెండు. ఏ కత్తెరా పడలేదు.

హన్మకొండ_డెవ్
ఉదయం 9:12

అక్కా, గూగుల్ సదువుతది, కాదన్లే. కని అన్న షాపు లింక్ వాట్సాప్‌ల పంపిచ్చేటిది. గూగుల్‌కు కష్టం లేకున్నా కాపీ చేసి పెట్టినప్పుడు చాలాసార్లు శాతం గుర్తుల దండ లెక్క కనపడ్తది, మనిషి అది చూసి వైరస్ అనుకుంటడు. అమ్మకానికైతే చిన్న ఇంగ్లిష్ అక్షరాల అడ్రసు మేలు. పేజీల హెడ్డింగ్, రాత తెలుగుల ఉండనీ.

ఓరుగల్లు_అక్క
ఉదయం 9:30

వాట్సాప్ సంగతి ఒప్పుకుంటాను. వంటల విషయంలో నేను మారను.

కరీంనగర్_కాక
ఉదయం 10:05

అడ్రసులు మార్చేటప్పుడు ఒకటి యాదుంచుకో తమ్మీ. పోస్టులకు, వూకామర్స్ వస్తువులకు అడ్రసు మారిస్తే వర్డ్‌ప్రెస్ పాతది గుర్తు పెట్టుకొని కొత్తదానికి మలుపుతది. మామూలు పేజీలకు ఆ సౌలత్ లేదు. వాటికి రీడైరెక్షన్ ప్లగిన్ పెట్టి 301, అంటే పాత అడ్రసును కొత్తదానికి శాశ్వతంగ మలిపే గుర్తు ఇయ్యాలె. నేను మా వెండి నగిషీ సైట్ వర్డ్‌ప్రెస్ లెక్కనే ఉండే జూమ్లాల కట్టుకున్నప్పుడు ఇదే తెల్వక ఆగమైన. జూమ్లాల సెర్చ్ ఇంజిన్ ఫ్రెండ్లీ యూఆర్ఎల్స్ ఆన్ చేసి, దాని కింద యూఆర్ఎల్ రీరైటింగ్ గూడ ఆన్ చేసిన. సైట్ మొత్తం 404, అంటే పేజీ దొరకలే అనుడే. రెండు రోజులు దిమాక్ ఖరాబ్. కడకు చూస్తే అడ్రసులు మలిపే హెచ్‌టీయాక్సెస్ ఫైలుకు టీఎక్స్‌టీ అనే తోక అట్లనే ఉంది, తీసి పేరు మారిస్తే అయిపోయింది. ఇసొంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ డ్రూపల్‌ల అయితే అడ్రసులు తానే చేసే పాత్‌ఆటో మాడ్యూల్ ఉంటది, అది ఇట్ల సతాయించదు.

కని తమ్మీ, అడ్రసు ఒక్కటి మారిస్తే 109 పేజీలు ఎక్కుతయని నేను అనుకుంట లేను. అసలు రోగం ఏరే ఉంది. నీ వస్తువు పేజీ ఒకటి తెరిచి, మౌసుతోని అక్షరాలను నల్లగ చేసి చూడు. ఏమన్న పట్టుకుంటుందా?

షత్రంజి_దుకాణం
ఉదయం 10:50

లేదు కాకా. ధర ఒక్కటే పట్టుకుంటుంది. కింద ఉన్న రాత అంతా ఫొటోనే. నాయన చెప్తుంటే చౌరస్తా కాడ డీటీపీల టైపు చేయించి, జేపెగ్ చేపిచ్చిన. ముందుగాల ఆ ఫైలుల రాత సైట్‌ల అతికిస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వచ్చినయ్.

డీటీపీ_మామ
మధ్యాహ్నం 1:15

నా పేరు పిలిచినట్టే ఉంది. 20 యేండ్ల సంది పేజ్‌మేకర్ మీద పెండ్లి పత్రికలు చేస్తున్న, ఇది నాకు తెల్సిన ముచ్చట.

అది అను ఫాంట్ బిడ్డా. అందుల కనపడేది తెలుగే గని, లోపట ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల జాగల తెలుగు బొమ్మలు గీసి పెట్టిన్రు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ల తెలుగు, లేని కాడ గుర్తుల గంప. గూగుల్‌కు గూడ గుర్తుల గంపనే. అందుకే నువ్వు విసిగి జేపెగ్ చేసినవ్. అప్పుడు మనిషికి కనపడ్డది, గూగుల్‌కు పేజీల 1,850 రూపాయలు అనే ఒక్క మాట మిగిలింది. 140 పేజీలు, అన్నిట్ల ఒకటే బటన్, ఒక ధర. డూప్లికేట్ అనక ఏమంటది?

ఏ కంప్యూటర్ల అయినా తెలుగు తెలుగు లెక్కనే ఉండే యూనికోడ్‌లకు మార్చాలె. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నయి. మార్చినంక ఒకసారి సదువు, ఒత్తుల కాడ, రావత్తు కాడ తప్పులు పడ్తయి. పాత ఫైళ్లు ఉన్నయా, పారేసినవా?

షత్రంజి_దుకాణం
మధ్యాహ్నం 1:22

పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి మామ. అన్ని కాదు, ఒక వంద దాక.

ఓరుగల్లు_అక్క
సాయంత్రం 4:40

మార్చేటప్పుడు ఉన్నదున్నట్టు అతికించకు నాయనా. సైట్‌లోని ఒక బొమ్మ చదివాను. "నాణ్యమైన, ఆకర్షణీయమైన, సరసమైన ధరలకు లభించును" అని ఉంది. బొమ్మ మార్చి చూస్తే అదే వాక్యం. ఇంకో బొమ్మలోనూ అదే. మీ నాన్నగారు ఇలా మాట్లాడతారా? మగ్గం దగ్గర ఆయన ఏమంటారో అది రాయి. నూలు ఎంత లావు, రంగు ఉతికితే పోతుందా, పెళ్లిలో పదిమంది కూర్చునేదా, మంచం మీద పరిచేదా, ఎన్ని రోజులు నేశారు.

ఇంకో మాట. జంపఖానా అని నువ్వు రాశావు. నీ పేరేమో షత్రంజి_దుకాణం! ఇంట్లో ఏమంటారు?

షత్రంజి_దుకాణం
సాయంత్రం 5:03

ఇంట్ల షత్రంజి అంటం అక్కా. జంపఖానా అంటే పుస్తకం మాట లెక్క మంచిగుంటదని పెట్టిన. పట్నం నుంచి వచ్చేటోళ్లు దరీ, కార్పెట్ అంటరు.

జగిత్యాల_వార్త
సాయంత్రం 6:18

మధ్యల దూరుతున్నందుకు మాఫ్ చెయ్యిండ్రి. నేను లోకల్ న్యూస్ సైట్ నడుపుత, ఈ మాటల లొల్లి నాకు దినామూ ఉంటది. జిల్లా పేర్లే చూడుండ్రి. 2021ల వరంగల్ అర్బన్ పోయి హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. నీ సైట్ అడుగున ఇంకా వరంగల్ అర్బన్ అనే ఉంది అన్నా! మ్యాప్‌ల కనపడే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ల ఒక అడ్రసు, సైట్ల ఒకటి ఉండొద్దు. ఊరి పేరు గూడ జనం హన్మకొండ అంటరు, హనుమకొండ అంటరు, హనంకొండ అంటరు. రాతల సహజంగ వచ్చినకాడ రెండు తీర్ల పెడ్త నేను. అంతేగాని పది స్పెల్లింగులు వరుసగ పేర్చేది లేదు, దాన్ని గూగుల్ చెత్త కింద చూస్తది.

దర్రీకి ఇంగ్లిష్‌లో గూడ గదే కథ. డీ పక్కన హెచ్ పెట్టి రాసేటోళ్లున్నరు, పెట్టనోళ్లున్నరు. జీఐల ఉన్న పేరుకు హెచ్ లేదు.

ఇంకోటి, మేడారం జాతర రెండేండ్లకోసారి. నేను మొదట్ల 2022కు ఒక పేజీ, 2024కు ఒక పేజీ చేసిన. 2024దాని కంటె పాత 2022దే పైకి వచ్చేది, జనం పాత బస్సుల వేళలు చూసి నన్ను తిట్టిన్రు. ఇప్పుడు యేడు లేని అడ్రసుతోని ఒక్కటే పేజీ ఉంచి, పాతవాటిని దానికే మలిపిన. జాతర వచ్చినప్పుడల్ల అండ్లనే కొత్త వివరాలు రాస్త. అన్నా, నువ్వు గూడ దసరా ఆఫర్ పేజీ యేటా కొత్తది చెయ్యకు.

కొత్తగా_నేర్చుకుంటున్న
సాయంత్రం 6:50

దసరా ఆఫర్ ఎంత ఉంటది అన్నా? మా అక్క పెండ్లి ఉంది.

మోడరేటర్
సాయంత్రం 7:00

బేరాలు దుకాణంలో. ఇక్కడ విషయం మీదే ఉండండి.

హన్మకొండ_డెవ్
రాత్రి 9:25

నేను వేగం చూసిన. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌ల మొబైల్ పరీక్ష నడిపిస్తే పెద్ద బొమ్మ కనపడేసరికి 11 సెకన్లు. గూగుల్ మంచిదనేది 2.5 సెకన్ల లోపట. ముందటి స్లైడర్ల ఐదు ఫొటోలు, ఒక్కోటి 6 ఎంబీ. స్లైడర్ పీకెయ్, ఒక్క ఫొటో చాలు. 1,600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి వెబ్‌పీ అనే తక్కువ బరువు ఫొటో రకంల ఎక్కించు. వర్డ్‌ప్రెస్ 5.8 సంది దాన్ని తీసుకుంటది. ఆ మొదటి ఫొటోకు మాత్రం లేజీ లోడ్ (కిందికి జరిపినప్పుడే తెరుచుకునేది) పెట్టకు, ఎదురుంగ ఉన్నదాన్నే ఆలస్యం చేసినట్టయితది.

ఫొటో పేర్లు వాట్సాప్‌ల వచ్చిన నంబర్లే ఉన్నయి. ఎక్కించకముందే పేరు మార్చు. ఆల్ట్ రాత నింపు, చూపు లేనోళ్లకు ఫోన్ సదివి వినిపించేది అదే. "ఎర్ర అంచు, తెల్ల చారల నూలు షత్రంజి" అని రాస్తే సాలు. వేగం వల్లనే పైకి వస్తవని చెప్పను. కని దామెరల ఉన్న మనిషి నీ సైట్ తెరిచి 11 సెకన్లు ఆగుతడా?

లేట్‌నైట్_కోడర్
రాత్రి 12:10

ఒక చిన్న ముక్క. వూకామర్స్‌ల రంగు, సైజు ఫిల్టర్ ఒత్తినప్పుడల్ల అడ్రసు మారుతుంది. సెర్చ్ కన్సోల్ డూప్లికేట్ అన్నవాట్ల సగం అవే. వాటి క్యానానికల్, అంటే అసలు పేజీ ఇదీ అని చూపే గుర్తు, అసలు క్యాటగిరీ పేజీకి ఉందో లేదో చూసిన, ఉంది. కాబట్టి వాటిని చూసి పరేషాన్ కాకు. అవి ఎక్కకపోవుడే మంచిది.

అన్నా, సైట్ రూపు చూపే ఆ థీమ్ ఏడ కొన్నరు? పేజీ అడుగున ఉండే ఫుటర్ కోడుల ఒక తెల్వని లింక్ దాక్కొని ఉంది.

షత్రంజి_దుకాణం
మరునాడు, ఉదయం 8:00

బామ్మర్దిని అడిగిన. "దొరికింది బావా" అంటుండు. కొనలేదంట.

కరీంనగర్_కాక
ఉదయం 8:20

దొరికింది పీకి పారెయ్యి. ఉత్తగ వచ్చిన నల్ల్డ్, అంటే దొంగ కాపీ థీముల ఇసొంటివే పెట్టి ఇస్తరు. ఇయ్యాల ఒక లింక్, రేపు నీ సైట్ పేరు మీద జపాన్ భాషల పేజీలు వేలల్ల గూగుల్‌ల ఎక్కుతయి. అప్పుడు షత్రంజీలు కాదు, ఇంకేమో అమ్ముతున్నవనుకుంటరు. వర్డ్‌ప్రెస్ సొంత థీముల్ల ఏదన్న పెట్టు, ఉత్తయే, వేగంగ గూడ ఉంటయి. పాస్‌వర్డులన్నీ మార్చు.

షత్రంజి_దుకాణం
రెండున్నర నెలల తర్వాత

ఎట్లున్నరు అందరు? ఆలస్యమైంది, పెండ్లిళ్ల సీజన్ల మగ్గం మీద నుంచి లేవలే.

థీమ్ మార్చినం. స్లైడర్ పోయింది. అడ్రసులు చిన్నగ చేసిన, ఒక్కోదాని చివర మా డిజైన్ నంబర్ ఉంటది. అక్క చెప్పినట్టు నాయనను మగ్గం కాడ కూసోబెట్టి ఫోన్ల రికార్డు చేసిన. ఆయన మాట్లాడిందే టైపు చేసిన, 112 వస్తువులకు అయింది. "ఈ చారలు మా అమ్మ నేసిన లెక్క, గింత ఎడంగ ఉంటయి" అని ఒకదానికి ఉంది. అది మా చెల్లె తీసెయ్యమన్నది, నేను ఉంచిన. హెడ్డింగుల షత్రంజి అని రాసి, లోపట ఒకకాడ జంపఖానా, దర్రీ అని గూడ పెట్టిన.

ఇప్పుడు 118 పేజీలు గూగుల్‌ల ఉన్నయి. సెర్చ్ కన్సోల్ల జనం ఏం కొట్టి వచ్చిన్రో చూస్తున్న. జంపఖానా అని ఇద్దరు ముగ్గురు. షత్రంజి అని తెలుగులనూ ఇంగ్లిష్ అక్షరాలలనూ మస్తుమంది, "పెండ్లికి షత్రంజి" అని గూడ. నిజామాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, చారలు ఎడంగ ఉన్నది కావాలె, 9×12ల నేస్తరా అని అడిగిండు. నాయన ఫోన్ గుంజుకొని అర్ధగంట మాట్లాడిండు.

ఏజెన్సోళ్లు మల్లా ఫోన్ చేసిన్రు. బామ్మర్దికి ఇచ్చిన.

డీటీపీ_మామ
సాయంత్రం 5:30

శెబ్బాష్. ఇంకా 28 వస్తువులు ఉన్నయి గద, వాటి ఫైళ్లు ఏడ వొయినయ్?

షత్రంజి_దుకాణం
సాయంత్రం 5:41

పెన్‌డ్రైవ్ కరాబయింది మామ, అచ్చు కాగితాలే ఉన్నయి.

డీటీపీ_మామ
సాయంత్రం 5:44

శనివారం కాగితాలు పట్టుకొని రా. నాయనను గూడ తోల్కరా, ఆయన చెప్తే నేను నేరుగ యూనికోడ్‌లనే కొడ్త.